ఒళ్ళు ఇత్తడి బిందె కాదు

గత మాఘమాసంలో ఒకనాటి ఉదయం ఒక యువ దంపతులు ఏడు నెలల పసివాణ్ణి ఎత్తుకొని మా వైద్యశాలకు వచ్చారు. వెంట పిల్లవాని నాయనమ్మగారు కూడా ఉన్నారు. బిడ్డ బుగ్గలు కందిపోయి ఉన్నవి. ముంజేతుల మీద, పిక్కల మీద చర్మం గరుకెక్కి, రెండు మూడు చోట్ల రసి కారుతున్నది. రాత్రి నిద్ర లేదనీ, నిద్ర పట్టినా నిద్రలోనే గీరుకొంటున్నాడనీ తల్లి చెప్పినది. స్నానం దేనితో చేయిస్తున్నారని అడిగాను. తండ్రి వరుసగా చెప్పుకొని వచ్చాడు. స్నానం నీళ్ళలో రెండు మూతల యాంటీసెప్టిక్ ద్రవం. పూటపూటకు క్రిమిసంహారక సబ్బు. బట్టలు ఉతికిన తరువాత అదే ద్రవంలో మరొకమారు జాడింపు. బిడ్డను ఎత్తుకొనే వారందరికీ గుమ్మంలోనే శానిటైజరు. మధ్యమధ్య ఒళ్ళు తుడవడానికి సువాసనగల తడి కాగితాలు.

"ఒక్క క్రిమి కూడా చేరకుండా చూసుకొంటున్నామండీ. అయినా వీడికే ఎందుకిలా వచ్చింది?" అని ఆ తల్లి కన్నీళ్ళు పెట్టుకొన్నది. నాయనమ్మగారు ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనంలో చాలా మాటలు ఉన్నట్లు నాకు తోచింది.

ఈ ప్రశ్న నేను అనేక కుటుంబాల నుండి విన్నాను. భూతద్దం కింద చేతి మీద పాకే పచ్చని పురుగుల బొమ్మలు చూపి, సబ్బు నురుగు తగలగానే అవి మటుమాయమైనట్లు చూపే ప్రకటనలు చూచి చూచి, క్రిమి అనగానే శత్రువు అన్న భావం మన ఇళ్ళలో స్థిరపడిపోయినది. ఆ భావం సగమే నిజమనీ, మిగిలిన సగం తెలియనందువలన పసిపిల్లల చర్మానికి హాని చేస్తున్నామనీ నా అభిప్రాయం. ఈ పొరపాటులో ఆయుర్వేద వైద్యులమైన మాకూ వాటా ఉన్నది. నా వాటా ఎంతో కూడా ఈ వ్యాసంలో దాచకుండా చెప్పదలచాను.

ముందుగా చర్మం మీద ఎవరెవరు కాపురముంటున్నారో చూద్దాం. పెద్దవారి ఒంటి చర్మాన్ని పరిస్తే సుమారు ఒకటిన్నర నుండి రెండు చదరపు మీటర్లు వస్తుంది. మన రైతు పొలాన్ని మాగాణి, మెట్ట, చిత్తడి అని విడదీసినట్లే ఈ నేలను కూడా విడదీయవచ్చును. నుదురు, ముక్కు ప్రక్కలు, వీపు పైభాగం జిడ్డు ఊరే నేల. చంకలు, గజ్జలు, కాలివ్రేళ్ళ సందులు చిత్తడి నేల. ముంజేతులు, పిక్కలు మెట్ట. ఏ నేలకు తగిన పంట ఆ నేలలో పండినట్లు, ఏ చోటికి తగిన సూక్ష్మజీవులు ఆ చోట ఉన్నవి. జిడ్డును తిని బ్రతికే క్యూటీబాక్టీరియం ఆక్నేస్ ముఖాన, వీపున ఉంటుంది. చెమ్మను కోరే కోరినీబాక్టీరియా చంకలలో ఉంటవి. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అన్నది దాదాపు ఒళ్ళంతా కాపురమున్నది. ఇవి గాక మలసీజియా అనే బూజుజాతి జీవి తలలోనూ ఛాతీ మీదనూ ఉంటుంది. రెప్పవెంట్రుకల మొదళ్ళలో కంటికి కనబడని నల్లిజాతి పురుగులు, డెమోడెక్స్ అనేవి, నివసిస్తవి. ఈ వాక్యం చదివి కళ్ళు నులుముకోవలసిన పని లేదు. మనలో చాలామందికి అవి ఉన్నవి, చాలామందికి వాటివలన ఏ బాధా లేదు.

2009లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన శాస్త్రజ్ఞులు పదిమంది ఆరోగ్యవంతుల ఒంటి మీద ఇరవై చోట్ల పరీక్షించి ఒక పటం వంటిది తయారు చేశారు. అన్నిటికంటె ఎక్కువ రకాలు దొరికిన చోటు ముంజేయి; అక్కడ సగటున 44 రకాలు. అన్నిటికంటె తక్కువ దొరికిన చోటు చెవి వెనుక. అక్కడ సగటున 15. "చెవుల వెనుక రుద్దుకోరా" అని కసిరిన తల్లులు ఈ లెక్క చూస్తే ఆశ్చర్యపోతారు. ఇంకొక విశేషం ఏమనగా, ఒకే మనిషి చంకకూ ముంజేతికీ మధ్య ఉన్న తేడా కంటె, ఇద్దరు వేరు వేరు మనుషుల చంకల మధ్య పోలిక ఎక్కువ. నేలే ముఖ్యం, యజమాని తరువాత.

ఇవి ఊరకే కూర్చొని తినేవి కావు. మన చర్మపు జిడ్డును విడగొట్టి ఆమ్లాలు తయారు చేస్తవి. ఆరోగ్యవంతమైన చర్మం కొంచెం పుల్లన అన్నమాట. పీహెచ్ లెక్కలో చెప్పాలంటే సుమారు నాలుగున్నర నుండి ఐదున్నర వరకు ఉంటుంది. ఏడు సమస్థితి, అంతకు తగ్గితే ఆమ్లం. ఈ పులుపులో ఇంటివారైన జీవులు హాయిగా బ్రతుకుతవి. పుండ్లనూ సెగగడ్డలనూ పుట్టించే స్టెఫైలోకాకస్ ఆరియస్ వంటి వాటికి అది సరిపడదు. ఊరగాయ పులుపు బూజును రానివ్వనట్లే అనుకోండి. అంతకుమించిన కావలి కూడా ఉన్నది. 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖలో రిచర్డ్ గాలో బృందం ప్రకటించిన పరిశోధన ప్రకారం, ఆరోగ్యవంతుల చర్మం మీద ఉండే కొన్ని స్టెఫైలోకాకస్ జాతులు ఆరియస్‌ను చంపే పదార్థాలను స్వయంగా తయారు చేస్తున్నవి. అటోపిక్ డెర్మటైటిస్ అనే ఎగ్జిమా ఉన్నవారి చర్మం మీద అట్టి మేలుజాతులు అరుదుగా కనబడినవి. రోగి ఒంటి మీదనే మిగిలి ఉన్న మేలుజాతిని తీసి, పెంచి, లేపనంలో కలిపి మళ్ళీ ఆ రోగికే పూయగా ఆరియస్ సంఖ్య తగ్గినది. అతి కొద్దిమందిపై చేసిన పరీక్ష అది. కనుక దానిని చికిత్సగా ఎంచడం తొందరపాటు. అయినా ఇంటి కాపలాదారు ఇంట్లోనే ఉన్నాడన్న సంగతి అది తేటతెల్లం చేసినది.

ఇంకొకటి పసిపిల్లలకు సంబంధించినది. 2010లో ప్రకటితమైన ఒక అధ్యయనంలో, సహజ ప్రసవమైన బిడ్డల ఒంటిమీద తల్లి ప్రసవమార్గంలోని సూక్ష్మజీవులు, శస్త్రచికిత్సతో పుట్టిన బిడ్డల మీద చర్మం మీది సూక్ష్మజీవులు కనబడినవి. అనగా బిడ్డ భూమి మీద పడిన క్షణం నుండే ఈ కాపురం మొదలవుతున్నది. 2015లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎలుకలపై చేసిన పరిశోధన మరింత ఆలోచింపజేస్తుంది. పుట్టిన తొలి దినాలలో ఎపిడెర్మిడిస్ పరిచయమైన ఎలుకపిల్లల శరీరం దానిని తనదిగా ఒప్పుకొని, తరువాత దానితో పోరాటానికి దిగలేదు. ఆ తొలి దినాలు దాటిన తరువాత పరిచయమైన వాటిలో ఆ ఓర్పు ఏర్పడలేదు. ఎలుకలో జరిగినదంతా మనిషిలో జరుగుతుందని నేను అనను. కాని ఎవరు చుట్టమో ఎవరు దొంగో శరీరం నేర్చుకొనే వయస్సు ఒకటి ఉన్నదనీ, ఆ వయస్సులో చుట్టాలందరినీ తరిమివేయడం వివేకం కాదనీ తెలుసుకొనడానికి ఇది చాలును.

ఇక నా పొరపాటు సంగతి. సుమారు పన్నెండేళ్ళ క్రితం రెండేళ్ళ ఆడపిల్లను నా వద్దకు తెచ్చారు. విచర్చిక అని నిర్ణయించాను. కుష్ఠాధికారంలో చెప్పిన ద్రవ్యాలు నాకు కంఠోపాఠం. వేపాకు కషాయంతో రోజుకు రెండుసార్లు స్నానం, పసుపు కలిపిన శెనగపిండితో నలుగు వ్రాసి ఇచ్చాను. చేదు కృమిఘ్నం, పసుపు కృమిఘ్నం. క్రిమి పోతే రోగం పోవాలి కదా అని నా తర్కం. మూడు వారాలకు పిల్ల ఒళ్ళు పగిలిపోయి చీము పట్టినది. వారు చర్మవ్యాధుల నిపుణుడైన ఒక యువ డాక్టరు వద్దకు వెళ్ళారు. ఆయన నాకు ఒక చీటీ పంపారు. చర్మం పూర్తిగా ఎండిపోయినదనీ, మందు మాట తరువాత, ముందు రుద్దడం ఆపించమనీ అందులో ఉన్నది. నా కొడుకు వయస్సువాడు నాకు చెప్పేదేమిటని రెండు రోజులు కోపంతో ఉన్నాను. మూడవనాడు ఆ పిల్లను చూడడానికి వెళ్ళాను. ఆ చేతులు చూచిన తరువాత కోపానికి చోటు లేకపోయినది.

ఇంటికి వచ్చి చరక సంహిత విమానస్థానం తీశాను. ఏడవ అధ్యాయంలో క్రిములు ఇరవై విధాలని ఆచార్యుడు లెక్క చెప్పాడు. బాహ్యమలం నుండి పుట్టే పేలు వంటివి, కఫం నుండి, రక్తం నుండి, పురీషం నుండి పుట్టేవి అని విభాగం చేశాడు. ఆ లెక్కకు ముందే ఒక చిన్న మాట అన్నాడు: ఈ ఇరవై సంఖ్య సహజములైన వాటిని విడిచిపెట్టి చెప్పినదని. దానికి పదకొండవ శతాబ్దపు వ్యాఖ్యాత చక్రపాణిదత్తుడు అర్థం చెబుతూ, శరీరంతో పాటు సహజంగా ఉండి, వికారం కలిగించని క్రిములు ఇరవైకి మించి ఉన్నవని వివరించాడు. ఈ భాగాన్ని పదహారేళ్ళ వయస్సులో గురువుగారి అరుగు మీద కూర్చొని నేను వల్లించినవాణ్ణే. వల్లించడం వేరు, వినడం వేరు. నలభై ఏళ్ళు ఆ మాట నా నాలుక మీద ఉండి చెవిలోకి పోలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. చరకునికి బాక్టీరియా తెలుసునని నేను వాదించడం లేదు. సూక్ష్మదర్శిని లేని కాలంలో ఎపిడెర్మిడిస్ కనబడే అవకాశం లేదు. అన్నీ మన గ్రంథాలలోనే ఉన్నవష అని సభలలో చప్పట్లు కొట్టించుకొనడం వలన శాస్త్రానికి గౌరవం పెరగదు. చరకుడు చూపినది వైద్యుని నిగ్రహం. క్రిములను పట్టి తీసివేసే పద్ధతి చెప్పబోతూ, శరీరంలో ఉన్న ప్రతి క్రిమీ ఈ చికిత్సకు లోబడినది కాదని ముందే గీత గీశాడు. ఆ గీతను నేను చెరిపివేశాను.

మా గురువుగారు ఆధునిక వైద్యం చదివినవారు కారు. కాని నలుగు విషయంలో చాలా పట్టింపు. గోదావరి తీరాన ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళు ఉన్నాను. పిల్లలమైన మాకు వారానికి ఒక్క తలంటు, ఆనాడే నలుగు. మిగిలిన రోజులలో బావినీళ్ళు, గుడ్డ తువ్వాలు, అంతే. బయటి నుండి వస్తే మాత్రం కాళ్ళూ చేతులూ కడగకుండా గడప దాటనిచ్చేవారు కారు. "చర్మానికి దాని నెయ్యి అది తయారు చేసుకొంటుంది. నువ్వు రోజూ దోచుకొంటే అది దేనితో బ్రతుకుతుందిరా?" అనేవారు. చింతపండు పెట్టి తళతళ మెరిసేదాకా తోమడానికి ఒళ్ళు ఇత్తడి బిందె కాదు అన్నది కూడా ఆయన మాటే.

నేటి ఇళ్ళలో జరుగుతున్నది ఆ తోమకమే. మామూలు సబ్బు పీహెచ్ తొమ్మిది నుండి పది వరకు ఉంటుంది. దానితో కడిగిన తరువాత చర్మం తన పులుపును తిరిగి తెచ్చుకొనడానికి కొన్ని గంటలు పట్టవచ్చును. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి అది పెద్ద విషయం కాదు, తిరిగి తెచ్చుకొంటాడు. అప్పుడే పుట్టిన బిడ్డ చర్మం ఇంచుమించు సమస్థితిలో ఉండి, దినాలు వారాలు గడచిన కొద్దీ పులుపు తేలుతుంది. ఆ పులుపు తేలకముందే పూటకొక సబ్బు రుద్దితే అది ఎప్పుడు తేలేను? పుట్టిన బిడ్డకు కనీసం 24 గంటలు గడిచేవరకు స్నానం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయడంలో ఉద్దేశం బిడ్డ ఒంటి వేడి కాపాడడం. బిడ్డ ఒంటిమీది తెల్లని పూత చెడకుండా ఉండడం అదనపు లాభం. ఆ పూతలో సూక్ష్మజీవులను అదుపు చేసే పదార్థాలున్నవి. అది మురికి అనుకొని తుడిచివేయమని తొందరపెట్టే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు.

క్రిమిసంహారక సబ్బు అనే పేరు పెట్టుకొన్నవాటి సంగతి మరొకటి. 2016 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బాన్ సహా 19 పదార్థాలను ఇళ్ళలో వాడే యాంటీసెప్టిక్ సబ్బులలో వాడరాదని నిర్ణయించినది. మామూలు సబ్బూ నీళ్ళూ చేసేదానికంటె ఇవి ఎక్కువ మేలు చేస్తవని తయారీదారులు నిరూపించలేకపోవడం కారణం. సబ్బు కొనే ముందు వెనుక వైపు సన్నని అక్షరాలు చదవండి. కళ్ళజోడు పెట్టుకొని అయినా చదవండి.

ఇదంతా చెప్పినందువలన చేతులు కడగవద్దన్నాడు వైద్యుడు అని ఎవరూ అనుకోరాదు. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ ప్రసవాల గదిలోకి వచ్చే వైద్యుల చేత సున్నపు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించినందువలన బాలింతల మరణాలు ఎంతగా తగ్గినవో వైద్యం చదివినవారందరికీ తెలుసు. ప్రైస్ అనే శస్త్రవైద్యుడు 1938లో చర్మం మీది సూక్ష్మజీవులను రెండుగా విడదీశాడు. ఒకటి కాపురస్థులు, రెండవది బాటసారులు. మలం నుండి, పచ్చి మాంసం నుండి, రోగి నుండి చేతికి అంటుకొనేవి బాటసారులు. జబ్బులు తెచ్చేవి ఎక్కువగా వీరే, మామూలు సబ్బుతో సులభంగా పోయేదీ వీరే. కనుక భోజనానికి ముందు, వంటకు ముందు, మరుగుదొడ్డికి పోయి వచ్చిన తరువాత, పసిబిడ్డను ఎత్తుకొనే ముందు, ఇరవై సెకండ్లు చేతులు రుద్ది కడగవలసినదే. 2020, 2021 సంవత్సరాలలో కరోనా కాలంలో శానిటైజరు చేసిన మేలును నేను తక్కువ చేయను. అరచేతికి ఉద్దేశించిన ఆ అలవాటు పసివాని పొట్ట మీదికీ వీపు మీదికీ ఎక్కడమే నా అభ్యంతరం.

చెమట వాసన గూర్చి ఒక మాట. అప్పుడే పుట్టిన చెమటకు దాదాపు వాసన లేదు. చంకలోని కొన్ని జీవులు దానిని మార్చినప్పుడు వాసన పుడుతున్నది. వాసన పోవాలంటే నీళ్ళు, చంకలకు మాత్రం కొంచెం సబ్బు, ఉతికి ఎండలో ఆరేసిన నూలు బట్ట చాలును. ఒళ్ళంతా నురుగు పెట్టి కడిగి, తరువాత ఒళ్ళంతా అత్తరు కొట్టుకొనే పని లేదు. మన ఊళ్ళ ఎండలో చెమట పట్టడం జబ్బు కాదు కదా.

ఇంటి వైద్యం పేరుతో జరిగే హాని సంగతి దాటవేస్తే ఈ వ్యాసం ఏకపక్షం అవుతుంది. మొటిమల మీద నిమ్మరసం, వంటసోడా. తామర మీద నూరిన వెల్లుల్లి. కాలిన చోట పళ్ళపొడి. వీటితో చర్మం కాలి వచ్చినవారిని నేను చూచాను. సహజం అన్న మాట ఒక్కటే దేనికీ యోగ్యతాపత్రం కాదు. నిమ్మకాయ చెట్టుకే కాచినా చర్మం దానిని ఆమ్లంగానే ఎంచుతుంది. పసిపిల్లలకు శెనగపిండితో గట్టిగా నలుగు పెట్టి, ఒంటి మీది నూగు రాలేదాకా రుద్దడం మన ఇళ్ళలో గొప్పగా చెప్పుకొంటారు. ఆ రుద్దడంతో పైపొర చిరిగి, కాపురస్థుల గూడు చెదురుతుంది. స్నానం తరువాత బిడ్డ ముఖానికి సాంబ్రాణి పొగ పట్టడం ఊపిరితిత్తులకు కూడా మంచిది కాదు. పెద్దమ్మలు కోపగించుకొన్నా ఈ మాట చెప్పక తప్పదు.

నూనె విషయం వేరు. వాగ్భటుడు దినచర్యలో అభ్యంగనాన్ని నిత్యం చేయమన్నాడు. అజీర్ణం ఉన్నవారికీ, కఫం హెచ్చినవారికీ వద్దని కూడా అన్నాడు. ఏ నూనె అన్నది నేటి పరిశోధనలో తేలుతున్న ప్రశ్న. ఢాకాలో జరిపి 2005లో ప్రకటించిన పరీక్ష ఫలితాలలో, నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఆసుపత్రిలో పొద్దుతిరుగుడు నూనె మృదువుగా పూయగా, ఆసుపత్రిలో సోకే అంటువ్యాధులు తగ్గినవి. ఎలుకలపై చేసిన పరీక్షలో ఆవనూనె చర్మపు గోడను బలహీనపరచినది. 2013లో ఇంగ్లండులో షెఫీల్డ్ శాస్త్రజ్ఞులు పెద్దవారి ముంజేతులపై పరీక్షించగా ఆలివ్ నూనె కూడా ఆ గోడను దెబ్బతీసినది. ఖరీదు ఎక్కువ కనుక మంచిదని సీసాలు కొనే తల్లిదండ్రులు ఇది గమనించగలరు. 2008లో ఫిలిప్పీన్స్‌లో అటోపిక్ డెర్మటైటిస్ ఉన్న పెద్దవారిపై జరిపిన పరీక్షలో పచ్చి కొబ్బరినూనె, ఆలివ్ నూనె కంటె ఎక్కువగా ఆరియస్‌ను తగ్గించినది. తల విషయానికి వస్తే, భోపాల్‌లోని శాస్త్ర విద్యా పరిశోధన సంస్థవారు 140 మంది భారతీయ స్త్రీల మాడును పరిశీలించి, కొబ్బరినూనె వాడకం మాడు మీది మేలుజీవులకు అనుకూలమని 2021లో ప్రకటించారు. ఒక సౌందర్య సాధనాల సంస్థ ఆ పరిశోధనలో పాలుపంచుకొన్నదన్న సంగతి కూడా గుర్తుంచుకొని చదవాలి.

తలకు నేటికీ నేను కుంకుడుకాయ, శీకాయ చాలునంటాను. వారానికొకటి, రెండుసార్లు. కుంకుడు రసం కంటిలో పడిన మంట మా తరం వారెవరూ మరచిపోలేదు. పిల్లలకు ఆ శిక్ష వేయకండి, నుదుటికి అడ్డంగా చేయి పెట్టండి. విపరీతమైన చుండ్రు ఉన్నవారు తలలో రోజంతా నూనె నిలవ ఉంచరాదు. మలసీజియా బ్రతికేది ఆ జిడ్డు మీదనే.

మరొక ఆపద గూర్చి హెచ్చరించాలి. గజ్జలలో తామర వస్తే మందుల దుకాణానికి పోయి పది రకాల మందులు కలిపిన క్రీము అడిగి తెచ్చుకొనే అలవాటు మన పట్టణాలలో పాతుకొనిపోయినది. అందులో ఉండే స్టెరాయిడ్ దురదను రెండు రోజులలో అణచివేస్తుంది. బూజు మాత్రం లోపల విస్తరిస్తుంది. అందులోని యాంటీబయోటిక్ కాపురస్థులనూ కలిపి చంపుతుంది. నెల తిరిగేసరికి రూపాయి బిళ్ళంత మచ్చ తొడ అంతా ప్రాకుతుంది. 2018లో కేంద్రప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదన్న జాబితాలో చేర్చినది. అయినా ఇంట్లో వాడగా మిగిలిన గొట్టాన్ని అక్కకూ, అక్క నుండి పొరుగింటికీ ఇచ్చుకొనడం ఆగలేదు. ఇంట్లో అట్టిది ఉంటే పారవేయండి.

కాపురస్థులు కూడా ఎల్లవేళలా సాధువులు కారు. ఎపిడెర్మిడిస్ చర్మం మీద ఉన్నంతవరకు కావలివాడు. ఆసుపత్రిలో రక్తనాళంలో పెట్టిన గొట్టం వెంట లోపలికి పోతే ప్రాణం మీదికి తెస్తుంది. మధుమేహం ఉన్నవారికి కాలి పగులు చిన్నదిగా కనబడినా ఉపేక్షించరాదు. చర్మం ఎర్రబడి వేడెక్కి వాచినా, చీము పట్టినా, జ్వరం తోడైనా ఇంటి వైద్యం కట్టిపెట్టి డాక్టరు వద్దకు వెళ్ళాలి. నా వద్దకు వచ్చినా నేనూ అక్కడికే పంపుతాను.

ఆ ఏడు నెలల పిల్లవాణ్ణి కూడా అట్లే పంపాను. రసి కారుతున్నది కనుక కొద్దిరోజులు చర్మనిపుణుని మందు అవసరమైనది. ఎగ్జిమాకు వంశం కూడా ఒక కారణమని, తండ్రికి చిన్ననాట ఉబ్బసం ఉన్నదని అడిగి తెలుసుకొని, అది తల్లి తప్పు కాదని ఆమెకు రెండుసార్లు చెప్పాను. నేను చేసిన చికిత్స చాలా తక్కువ. సీసాలన్నీ ఆపించాను. రోజుకొకసారి, ఐదు నిమిషాలకు మించకుండా, గోరువెచ్చని వట్టి నీళ్ళు. మలం అంటిన చోట మాత్రం మెత్తని, వాసన లేని సబ్బు కొంచెం. గుడ్డతో ఒత్తి, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే పచ్చి కొబ్బరినూనె. తల్లి రొమ్ము మీద ఒట్టి ఒంటితో పడుకోబెట్టుకొనమన్నాను. వేప లేదు, పసుపు లేదు.

ఐదు వారాల తరువాత వచ్చారు. పూర్తిగా మానలేదు, ఎడమ పిక్క మీద ఇంకా గరుకు ఉన్నది, చలిగాలి తగిలితే ఎర్రబడుతున్నదట. కాని బుగ్గలు తేరుకొన్నవి, రాత్రి నాలుగైదు గంటలు వరుసగా నిద్రపోతున్నాడు. ఈసారి నాయనమ్మగారు మాట్లాడారు. కొంగున ముడివేసిన పొట్లం విప్పి నా ముందు పెట్టారు. పెసలు, కచ్చూరాలు, బావంచాలు కలిపి విసిరిన సున్నిపిండి.

"ఇప్పుడైనా పెట్టవచ్చునా, బాబూ?" అన్నారు.

చిటికెడు తీసి నా ముంజేతి మీద రుద్ది చూచుకొన్నాను. మెత్తగా, మంచి వాసనతో ఉన్నది. పిల్లవాని చర్మం గట్టిపడేదాకా వద్దమ్మా, అందాకా మీ కోడలికి పెట్టండి, ఐదు నెలలుగా నిద్ర లేదు ఆమెకు అన్నాను. ఆవిడ నవ్వి పొట్లం మళ్ళీ ముడివేసుకొన్నారు.